బాలింత గదిలో కుంపటి, పొద్దున్నే తలనొప్పి

ప్రశ్న

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మా మాటల్లో ఇస్తున్నాం.

ఆమెకు రెండో కాన్పు అయి 24 రోజులైంది. మామూలు కాన్పే, మగపిల్లవాడు. ఉండేది మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు. అమ్మ లేరు కాబట్టి పార్వతీపురం దగ్గరి ఊరి నుంచి అత్తగారు వచ్చి అన్నీ చూసుకుంటున్నారు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆవిడ మట్టి కుంపటిలో బొగ్గులు రాజేసి, పొగ పోయేదాకా బాల్కనీలో ఉంచి, నిప్పులు ఎర్రబడ్డాక తెచ్చి మంచం పక్కన పెడతారు. తెల్లారేదాకా ఆరకుండా పైన బూడిద కప్పుతారు. బాలింతకు గాలి సోకకూడదని కిటికీలు మూసి, తలుపు కింద సందులో పాత చీర కుక్కుతారు. ఆ గదిలో పడుకునేది ఈమె, పసివాడు, అత్తగారు. భర్త, ఏడేళ్ల పాప హాల్లో పడుకుంటారు.

పది రోజులుగా పొద్దున లేచేసరికి ఈమెకు తల బద్దలైపోతోంది. వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం. పదకొండు దాటితే తేలికవుతుంది. భర్త నిద్ర చాలకే అంటున్నారు. కరోనా నాటి పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూస్తే 98 చూపించింది. అత్తగారితో అంటే, “నలుగురిని కన్నాను, నలుగురూ ఈ కుంపటి పక్కనే పెరిగారు. పొగ కూడా లేదు కదే” అన్నారు. ఆవిడ కూడా పొద్దున్నే అమృతాంజనం రాసుకుంటున్నారట. వయసు మీద పడింది కదా అని ఈమె పట్టించుకోలేదు.

ఇంకో రెండు విషయాలు. బాత్రూములో గ్యాస్ గీజరు ఉంది, సిలిండరు కూడా లోపలే. ఇంటి ఓనరు పెట్టించింది. కిందటి వారం భర్త స్నానం చేసి బయటికి వస్తూ తల తిరిగి గోడ పట్టుకున్నారు. మరోటి, సంక్రాంతికి ముందు ఆయన పాపను తీసుకుని స్నేహితులతో లంబసింగి వెళ్తున్నారు. అక్కడ టెంట్లలో బస. చలికి టెంటులోకి కుంపటి కూడా ఇస్తారట.

“ఇదంతా నా అనుమానమేనా? అత్తయ్య మనసు కష్టపెట్టకుండా దీన్ని ఎలా ఆపాలి? బాబుకు ఇప్పటికే ఏమైనా అయి ఉంటుందా? నా పాల వల్ల ఏమైనా వెళ్తుందా?” అని అడిగారు.

సమాధానం

అమ్మా, మీది అనుమానం కాదు. మీ ఉత్తరంలో మీరు దాటేసిన ముక్కలోనే జవాబు ఉంది. మీ అత్తగారు కూడా పొద్దున్నే తల పట్టుకుంటున్నారు. హాల్లో పడుకున్న మీవారికీ పాపకూ ఆ బాధ లేదు. మీకేమో గది బయటికి వచ్చి తిరిగితే మధ్యాహ్నానికల్లా తగ్గిపోతోంది. జ్వరం లేకుండా, ఒకే గదిలో పడుకున్న ఇద్దరికి ఒకే వేళకు ఒకే బాధ వచ్చి, బయటి గాలి తగిలితే తగ్గుతోందంటే ముందుగా అనుమానించాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌నే. పొట్టిగా సీఓ అంటారు. నిద్ర చాలకపోతే మీకు తలనొప్పి రావచ్చు గానీ ఆవిడకు ఎందుకొస్తుంది?

కాబట్టి మిగతాది చదివే ముందే ఒకటి తేల్చుకోండి. ఈ రాత్రి కుంపటి గదిలోకి రాకూడదు. మిగిలిన వాటన్నిటిలో రెండు మూడు దారులున్నాయి. ఏ దారిలో పోతే ఏమవుతుందో చెబుతాను, ఎంచుకోవడం మీ ఇష్టం. ఈ ఒక్కదాంట్లో మాత్రం బేరం లేదు.

పొగ లేదు కదా అన్న అత్తగారి మాట తీసేయాల్సింది కాదు, ఆవిడ జాగ్రత్త కొద్దీ అన్నదే. పొగ కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తగులుతుంది, దగ్గు వస్తుంది. సీఓకు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. చిక్కేమిటంటే, పొగ ఆగిపోయి నిప్పులు నిగనిగలాడే సమయమే సీఓకు మంచి అదను. కుంపటి అడుగున గాలి తగిలిన బొగ్గు కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది ఎర్రటి నిప్పుల మధ్యగా పైకి వస్తూ మరింత కార్బన్‌ను కలుపుకుని మోనాక్సైడ్‌గా మారుతుంది. పైన నీలిమంట ఆడుతుంటే అందులో కొంత కాలిపోతుంది. బూడిద కప్పితే ఆ మంటా ఉండదు, తయారైనదంతా తిన్నగా గదిలోకే వస్తుంది. తెల్లారేదాకా ఆరకుండా ఆవిడ చేస్తున్న ఏర్పాటే తెల్లారేదాకా మిమ్మల్ని ఆ గాలి పీల్పిస్తోంది.

ఎంత వస్తుందో చిన్న లెక్క వేద్దాం. మీ గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుంటే 34 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. కిలో బొగ్గు కాలితే కుంపటిని బట్టి 100 నుంచి 250 గ్రాముల దాకా సీఓ వస్తుంది. తక్కువ లెక్కే తీసుకుందాం. రాత్రంతా కాలేది పావు కిలో బొగ్గే అనుకున్నా 25 గ్రాములు వచ్చినట్టు. అందులో ముప్పాతిక వంతు ఏ సందుల గుండానో బయటికి పోయిందనుకున్నా, మిగిలింది ఘనపు మీటరుకు 180 మిల్లీగ్రాములకు పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి గాలికి పెట్టిన హద్దు పావుగంటకైతే 100 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటలకైతే 10. మీరు పడుకుంటున్నది ఎనిమిది గంటలు. తలుపు కింద చీర కూడా కుక్కితే ఆ ముప్పాతిక బయటికి పోతుందన్న నమ్మకం కూడా ఉండదు.

మరి ఆవిడ నలుగురు పిల్లలూ ఎలా పెరిగారంటే, ఇల్లు వేరు. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి, చూరు కింద నుంచి, చెక్క తలుపుల మధ్య నుంచి గాలి రాత్రంతా ఆడుతూనే ఉంటుంది. వేడి గాలితో పాటు సీఓ పైకి లేచి కప్పులోంచి పోతుంది. మీ ఫ్లాటుకు పైన శ్లాబు, కిటికీలకు రబ్బరు అంచుల స్లైడింగ్ అద్దాలు. పైకి పోయే దారి లేదు. (పెంకుటిళ్లలో అందరూ క్షేమంగానే ఉన్నారని కాదు. పసిపిల్లలు రాత్రికి రాత్రి పోతే గాలి సోకిందనో దిష్టి తగిలిందనో అనుకున్న రోజులవి.) అయినా ఆవిడతో మాట్లాడేటప్పుడు పనికొచ్చే మాట ఇదే. పద్ధతిని తప్పు పట్టకుండా ఇంటిని తప్పు పట్టొచ్చు.

ఇక ఆ 98 సంగతి. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు సీఓ అంటే ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా మోజు. ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు అది ముందే కూర్చుంటుంది, ఆక్సిజన్‌కు చోటుండదు. పల్స్ ఆక్సీమీటరు వేలి గుండా రెండు రకాల వెలుతురు పంపి, సీటు నిండిందా లేదా అని చూస్తుంది. కూర్చున్నది ఎవరో దానికి తెలియదు. అందుకే సీఓ ఎక్కిన మనిషికి కూడా 97, 98 అని చూపిస్తుంది. ఆ అంకె చూసి ధైర్యపడకండి, ఆస్పత్రిలో ఎవరైనా అదే చూసి ఇంటికి పొమ్మన్నా ఒప్పుకోకండి. తేల్చేది రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (సీఓ పట్టుకున్న హిమోగ్లోబిన్) ఎంతుందో చూసే పరీక్ష. బ్లడ్ గ్యాస్ చూసే యంత్రాల్లో కో-ఆక్సిమెట్రీ సౌకర్యం ఉన్నవాటిలో చేస్తారు. ఊళ్లో పెద్ద ఆస్పత్రుల ఎమర్జెన్సీలో అడగండి.

ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది. మామూలు గాలి పీలుస్తూ ఉంటే నాలుగైదు గంటల్లో రక్తంలోని సీఓ సగానికి పడిపోతుంది. పొద్దున ఆరింటికి లేచి, పనులన్నీ ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి రక్తం ఇస్తే మూడో వంతో నాలుగో వంతో మాత్రమే మిగులుతుంది, రిపోర్టు నార్మల్ అని రావచ్చు. ఇంట్లో అందరూ చూశావా అంటారు. అలాగని రుజువు కోసం మళ్లీ ఒక రాత్రి కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. కుంపటి మానేసిన రెండు మూడు రోజుల్లో మీకూ అత్తగారికీ పొద్దుటి తలనొప్పి మాయమైతే అదే రుజువు.

ఒకవేళ మానేసినా తగ్గకపోతే? ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. కాన్పయిన ఆరు వారాల లోపు తలనొప్పికి బీపీ కూడా కారణం కావచ్చు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ బాగున్నవాళ్లకు కూడా కాన్పు తర్వాత పెరగొచ్చు. రేపే బీపీ చూపించుకోండి. 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నా, కళ్లు మసకబారినా, డొక్క పైభాగంలో నొప్పి వచ్చినా, ముఖం ఉబ్బినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. రక్తం తక్కువున్న మనిషికి అదే సీఓ ఎక్కువ దెబ్బ కొడుతుంది.

బాబు సంగతి. పసిపిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి ఆ గదిలో సీఓ ముందుగా ఎక్కేది వాళ్లకే. తలనొప్పి అని వాడు చెప్పలేడు. పాలు సరిగ్గా తాగకపోవడం, తాగుతూనే వాలిపోవడం, లేపినా సరిగ్గా లేవకపోవడం, ఊరికే వాంతులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అవేవీ లేకపోయినా ఈ ఒకటి రెండు రోజుల్లో పిల్లల డాక్టరుకు చూపించి, “పది రోజులకు పైగా బొగ్గుల కుంపటి ఉన్న మూసిన గదిలో పడుకున్నాడు” అని ఇదే మాటల్లో చెప్పండి. నిప్పు సంగతి మీరు చెప్పకపోతే సీఓ అని తట్టడం ఏ డాక్టరుకైనా కష్టం.

ఇప్పుడు వెచ్చదనానికి దారులు. విశాఖలో డిసెంబరు రాత్రి బయట సాధారణంగా 17 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటుంది. మూసిన ఫ్లాటు గదిలో అంతకంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువే. పెద్దవాళ్లకు వేసినదానికంటే ఒక పొర ఎక్కువ బట్ట వేస్తే బాబుకు చాలు, పగలు మీ ఒంటికి ఆనించి పడుకోబెట్టుకుంటే ఇంకా మేలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పడుతుంటే బట్టలు ఎక్కువైనట్టే. అయినా గదిలో వేడి కావాలని అత్తగారు పట్టుబడితే, ఆయిల్ నింపిన రేడియేటర్ రకం కరెంటు హీటరు పెట్టొచ్చు. 1,500 వాట్లది గంటకు ఒకటిన్నర యూనిట్ తాగుతుంది, గది వెచ్చబడ్డాక థెర్మోస్టాట్ ఆపేస్తుంది కాబట్టి రాత్రికి అంతకంతా కాదు. 16 ఆంపియర్ల సాకెట్‌లోనే నేరుగా పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే వైరు కాగిపోతుంది. బిల్లు కొంచెం పెరుగుతుంది గానీ సీఓ రాదు. వేడినీళ్ల సంచి ఇంకో దారి. దాన్ని పక్కలో పెట్టి పక్క వెచ్చబడ్డాక తీసేసి అప్పుడు బాబును పడుకోబెట్టాలి, పక్కనే ఉంచితే ఆ లేత చర్మం కాలుతుంది.

మీవారు చెప్పబోయే మధ్యే మార్గం నాకు తెలుసు: “కిటికీ కొంచెం తెరిచి పెట్టుకుందాం, కుంపటి ఉండనిద్దాం.” దీన్ని ఒప్పుకోకండి. ఎంత తెరిస్తే ఎంత పోతుందో కొలిచే సాధనం మీ ఇంట్లో లేదు, గాలి పడిపోయిన రాత్రి తెరిచిన కిటికీ కూడా మూసిన కిటికీతో సమానం. పైగా మూడింటికి చలి వేసి ఎవరో ఒకరు లేచి మూసేస్తారు.

సాంబ్రాణి వేరే సంగతి. తలంటు పోసుకున్నాక జుట్టు ఆరడానికి పది నిమిషాలు పట్టే ధూపం కోసమైతే, కుంపటి బాల్కనీలో పెట్టి మీరు అక్కడే కూర్చుని పట్టించుకోండి, బాబును మాత్రం లోపలే ఉంచండి. వాడికి సాంబ్రాణి పొగ వద్దు, ఆ పొగ సీఓ లేకపోయినా లేత ఊపిరితిత్తులకు మంచిది కాదు. పని కాగానే నిప్పుల మీద నీళ్లు పోసి, ఆవిరి ఆగాక ఇంకోసారి పోసి, బాల్కనీలోనే వదిలేయాలి. ఆరిపోయింది కదా అని గదిలోకి తెస్తే బూడిద కింద బతికున్న నిప్పు గంటల తరబడి సీఓ వదులుతూనే ఉంటుంది.

అత్తగారితో ఎవరు మాట్లాడాలి? మీరే మాట్లాడితే ఈ రాత్రే పని అవుతుంది, కానీ “చదువుకున్న కోడలు” మాటకు అవకాశం ఇచ్చినట్టవుతుంది. మీవారు మాట్లాడితే కొడుకు మాట కాబట్టి తేలిగ్గా దిగుతుంది, అయితే ఆయనే ఇంకా నమ్మలేదు. ఆయనకు ముందు గీజరు దగ్గర తల తిరిగిన సంగతి గుర్తు చేయండి, అది కూడా ఇదే అని తెలిస్తే దారికొస్తారు. డాక్టరు చేత చెప్పిస్తే ఇద్దరికీ మాట పడదు. కానీ ఆరు వారాల టీకాల దాకా ఆగుదామనుకుంటే ఇంకా పద్ధెనిమిది రాత్రులు గడవాలి, అందుకే బాబును చూపించడానికి వెళ్లేటప్పుడు అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లి ఆవిడ ఎదురుగానే అడగండి. ఎవరు మాట్లాడినా, “మీ కుంపటి వల్ల నాకు తలనొప్పి” అని మొదలుపెట్టొద్దు. “అత్తయ్యా, మీకు కూడా పొద్దున్నే తలపోటు వస్తోంది కదా, మన ఊరి ఇంట్లో ఎప్పుడైనా వచ్చిందా?” అని అడిగి చూడండి. ఆవిడ జవాబు వెతుక్కుంటుండగా శ్లాబు, అద్దాల సంగతి చెప్పండి. నూనె మర్దన, వేన్నీళ్లు, కాయం, నడికట్టు, పత్యం అన్నీ ఆవిడ చేతుల్లోనే ఉంచండి. తీసేసేది ఒక్క కుంపటిని.

సీఓ అలారం కొంటే గొడవ తీరుతుంది కదా అనుకుంటారేమో. కొనండి, కానీ కుంపటి మానేయడానికి బదులుగా కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం చేసిన అలారం గాలిలో సీఓ 50 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 50 వంతులు) ఉంటే 60 నుంచి 90 నిమిషాలకు, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే మూడు నిమిషాల్లోపు మోగుతుంది. అమెరికా ప్రమాణం యూఎల్ 2034 ప్రకారం చేసినదైతే 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల దాకా ఆగి మోగుతుంది. ఇవి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని పెట్టిన అంకెలు. 40 పీపీఎంలో అది నోరు మెదపకపోవచ్చు, “చూడు, మోగలేదు” అని ఆవిడ మళ్లీ కుంపటి తెస్తారు. కానీ ఎనిమిది గంటలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు తొమ్మిది పీపీఎం దగ్గరే ఉంది. అలారం పెట్టెమీద ఈ రెండు ప్రమాణాల్లో ఏదో ఒకటి రాసి ఉందో లేదో చూడండి. ఎల్‌పీజీ లీక్ అలారం, పొగ అలారం సీఓను పట్టవు, దుకాణంలో మూడూ ఒకటే అని అమ్మేవాళ్లున్నారు. టెస్ట్ బటన్ నొక్కితే మోగేది బ్యాటరీ, బజరు బాగున్నాయని మాత్రమే. లోపలి సెన్సారుకు వయసుంటుంది, మార్చాల్సిన తేదీ వెనకాల ముద్రించి ఉంటుంది. పడకగదిలో తలగడ ఎత్తులో, కర్టెను వెనక్కి పోకుండా పెట్టండి.

ఇక గీజరు. మీ ఇంట్లో కుంపటి తర్వాత ప్రమాదం ఇదే, నిజానికి మీవారికీ పాపకూ ఇదే మొదటిది. నిమిషానికి ఆరు లీటర్ల గ్యాస్ గీజరు గంట వెలిగితే సుమారు 900 గ్రాముల ఎల్‌పీజీ కాలుస్తుంది, దానికి దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తున్న బాత్రూములో ఉండేదే తొమ్మిది ఘనపు మీటర్లు. పావుగంట షవరు కింద నిలబడితే గీజరు అందులో మూడో వంతు గాలిని వాడేసి, కాలిన గాలిని అక్కడే వదులుతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగ్గా కాలదు, సీఓ మొదలవుతుంది. అదే గాలి మళ్లీ బర్నరులోకి వెళ్తుంది కాబట్టి చివరి ఐదు నిమిషాల్లో సీఓ మొదటి ఐదు నిమిషాల కంటే చాలా వేగంగా పెరుగుతుంది. మీవారికి స్నానం చివర్లోనే తల తిరగడానికి కారణం ఇదే. ఆ రోజు ఆయన లోపలే కూలబడి, గడియ వేసి ఉండి ఉంటే తలుపు పగలగొట్టాల్సి వచ్చేది.

మంచి పరిష్కారం గీజరును, సిలిండరును యుటిలిటీ బాల్కనీకి మార్చి వేడినీళ్ల పైపు ఒక్కటే బాత్రూములోకి తేవడం. గోడకు రంధ్రం, కొన్ని అడుగుల సీపీవీసీ పైపు, ప్లంబరుకు ఒక పూట పని. ఓనరు ఒప్పుకోవాలి. “ఇన్నేళ్లుగా ఏం కాలేదు” అంటారు, అప్పుడు ఖర్చు సగం మీరు పెట్టుకుంటామనండి, చాలామంది అక్కడ మెత్తబడతారు. ఒప్పుకోకపోతే గ్యాస్‌ది కట్టేసి 15 లీటర్ల కరెంటు గీజరు మీరే పెట్టించుకుని, ఖాళీ చేసేటప్పుడు పట్టుకెళ్లొచ్చు. దానికి 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్త్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉండాలి. ఇమ్మర్షన్ రాడ్డు మాత్రం వద్దు, ఒక ప్రమాదం వదిలించుకోబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది.

ఈ రెండూ అయ్యేదాకా తాత్కాలికంగా ఇలా చేయండి. బాత్రూము తలుపు బార్లా తెరిచి, గీజరు పెట్టి బకెట్లు నింపుకోండి. గీజరు ఆపి, సిలిండరు రెగ్యులేటరు కూడా ఆపండి. పది నిమిషాలు తలుపు తెరిచే ఉంచి, తర్వాత లోపలికి వెళ్లి స్నానం చేయండి. గీజరు వెలుగుతుండగా లోపల మనిషి ఉండకూడదు, అంతే. దీంట్లో ఇబ్బంది, వేడి నీళ్ల బకెట్ దగ్గరికి పాప వెళ్లడం, తొందరలో ఉన్న రోజు ఎవరో ఒకరు ఈ క్రమం తప్పించడం. అందుకే దీన్ని నెలల తరబడి సాగదీయకండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే చాలదా అని ఓనరు అడుగుతారు. తలుపు కింద గాని గోడలో గాని గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ ఎంత తిరిగినా లాగడానికి గాలి ఉండదు, కరెంటు పోతే అదీ లేదు. మంట పసుపు రంగులోకి తిరిగినా, గీజరు పైన మసి కనిపించినా, కళ్లు చురచుర మండినా ఆ క్షణమే ఆపేయాలి. మంట నీలంగా ఉంది కదా అని మాత్రం ధీమా పడొద్దు.

లంబసింగి ప్రయాణం మానుకోమని నేను చెప్పను. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు, డిసెంబరు జనవరిల్లో తెల్లవారుజామున అక్కడ చలి నిజంగానే వణికిస్తుంది. చెరువులవేనం మీద నుంచి మబ్బులు చూసి రావాలని పాప సంబరం అర్థమవుతుంది. ప్రమాదమల్లా టెంటులోకి వచ్చే నిప్పుతోనే. ఇద్దరు పట్టే టెంటులో గాలి మూడు నాలుగు ఘనపు మీటర్లకు మించదు, మీ పడకగదిలో పదో వంతు. జిప్పు వేశాక, మంచుకు బట్ట తడిశాక గాలి ఆడటం ఇంకా తగ్గుతుంది. పైన వేసిన అదే లెక్కను ఈ గాలికి వేసి చూడమని మీవారికి చెప్పండి. బొంగు చికెన్ కాల్చుకున్నాక మిగిలిన నిప్పుల్ని ఒక తట్టలో పోసి టెంటు వాకిట్లో పెట్టుకోవడం అక్కడ చూడముచ్చటగా అనిపిస్తుంది. గుడ్డ కప్పు కిందికి వచ్చిన నిప్పు లోపలున్న నిప్పుతో సమానమే, చిన్న గ్యాస్ స్టవ్వు, గ్యాస్ లాంతరు అయినా అంతే.

టెంటే కావాలంటే చలి మంట బయట వేసుకుని, లోపలికి వెళ్లేముందు నీళ్లు పోసి ఆర్పేయాలి. ఒంటికి చలి పైనుంచి కంటే కింద నేల నుంచి ఎక్కువ ఎక్కుతుంది, కాబట్టి దుప్పట్లు పైన పెంచడం కంటే కింద రెండు ఫోమ్ చాపలు వేయడం మేలు. పొడి మేజోళ్లు, మంకీ క్యాపు, స్లీపింగ్ బ్యాగ్. స్టీలు సీసాలో వేన్నీళ్లు పోసి మూత బిగించి, మందపాటి మేజోడులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది. టెంటు పైనున్న గాలి కిటికీలు మూయకూడదు. చలికి తట్టుకోలేక కారులోకి వెళ్లి ఇంజను ఆన్‌లో పెట్టి నిద్రపోవడం కూడా కుంపటి లాంటిదే. నిర్వాహకుల జనరేటరు టెంటుకు కనీసం 20 అడుగుల దూరంలో, దాని పొగ అవతలికి పోయేలా ఉండాలి. దగ్గర్లో ఉంటే ఇంకో టెంటు అడగండి.

చిన్నపిల్ల ఉంది కాబట్టి గది తీసుకోవడం ఇంకో దారి, ఖర్చు ఎక్కువైనా రాత్రి నిద్ర బాగుంటుంది. కానీ గది అంటే క్షేమమని అనుకోవద్దు. 2020 జనవరిలో నేపాల్‌లోని దమన్‌లో ఒక రిసార్టు గదిలో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిది మంది పర్యాటకులు, అందులో నలుగురు పిల్లలు, తలుపులూ కిటికీలూ మూసుకుని గ్యాస్ హీటరు పెట్టుకుని పడుకుని చనిపోయారు. గదిలో కుంపటి గాని గ్యాస్ హీటరు గాని ఉంటే బయట పెట్టించి మరో దుప్పటి అడగమనండి. మీరు కొన్న అలారం ఆ ప్రయాణంలో వాళ్ల వెంట పంపండి. కారవాన్‌లు, పడవల వంటి వాటి కోసం చేసినది ఈఎన్ 50291-2, ప్రయాణాలకు అది ఇంకా నప్పుతుంది.

ఎప్పుడైనా ఎవరైనా గదిలోనో బాత్రూములోనో టెంటులోనో పడి కనిపిస్తే ముందు తలుపు తెరిచి, ఊపిరి బిగబట్టి వెళ్లి మనిషిని బయటికి లాగాలి. కుంపటి ఆర్పడం తర్వాత. బయటికి తెచ్చాక 108కి ఫోన్ చేయండి, ఊపిరి లేకపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టండి. మొహం మీద నీళ్లు చల్లడం, నోట్లో కాఫీ పోయడం వద్దు. అంబులెన్సు వాళ్లకు “బొగ్గు గ్యాస్ పీల్చాడు, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెట్టండి” అని చెప్పండి, వేలి మీటరు 98 చూపించినా సరే. పూర్తి ఆక్సిజన్ మీద సీఓ గంట, గంటన్నరకే సగానికి దిగుతుంది. గట్టిగా సోకినవాళ్లకు తేరుకున్న కొన్ని రోజులకో వారాలకో మతిమరుపు, చిరాకు, నడకలో తేడా రావచ్చు, అవి కనిపిస్తే మళ్లీ నరాల డాక్టరుకు చూపించాలి.

పాల గురించి అడిగారు. సీఓ రక్తంలో హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఉండి ఊపిరి తోనే బయటికి పోతుంది, పాలలోంచి బాబుకు చేరుతుందన్న భయం అక్కర్లేదు. ఎప్పటిలా పాలిస్తూ ఉండండి, ఈ రాత్రికి కుంపటి లేని గదిలో.